నడక మెరుగైందని మందు మానొద్దు

వారాంతంలో పార్సిప్పనీ ఇళ్లలో నలుగురం కలిస్తే వీసాలు, పిల్లల చదువులు, ఇళ్ల ధరలు అన్నీ మాట్లాడుకుంటాం. ఇంట్లో ఎవరికైనా మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంటే మాత్రం ‘నరాల బలహీనత’ అని సరిపెట్టేస్తాం.

బలహీనత కాదది. నరాల మీదుండే మైలిన్ పొరను మన రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తుంది. తొడుగు ఊడిన కరెంటు తీగలా, మెదడు పంపిన సంకేతం దారిలోనే నీరసపడుతుంది. కాలు మాట వినదు.

ఇలా నడక తగ్గినవారి కోసం డాల్‌ఫాంప్రిడిన్ మాత్రకు 2010 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. 2018లో జెనరిక్ కూడా వచ్చింది. పొర ఊడినచోట పొటాషియం బయటికి పోయే దారులను మూసి, సంకేతం ముందుకు సాగేలా చేస్తుంది.

చిక్కు ఎక్కడంటే, నాలుగడుగులు చురుగ్గా పడగానే ‘తగ్గిపోయిందిగా, ఇంకా ఆ ఖరీదైన సూదిమందు దేనికి?’ అంటాం. ఈ మాత్ర పొరను తిరిగి కట్టదు, జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా ఆపదు. అందుకు వాడే మందులు వేరు. వాటిని సొంతంగా మానడమంటే కళ్లు మూసుకుని రోడ్డు దాటడమే.

పని చేయకపోతే రోగినీ తప్పుపట్టొద్దు. 25 అడుగుల నడకను టైము పెట్టి కొలిచిన రెండు పరీక్షల్లో, నిలకడగా వేగం పెరిగినవారు సుమారు 35, 43 శాతమే. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 8, 9 శాతం. చాలలేదని మోతాదు పెంచితే ఫిట్స్ రావచ్చు. 12 గంటల ఎడంతో 10 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు రెండే. ఒక పూట మరిచినా రెండూ కలిపి వేసుకోకూడదు. గతంలో ఫిట్స్ వచ్చినవారు, కిడ్నీల పనితీరు బాగా తగ్గినవారు అసలు వాడకూడదు.

ఇక ఖర్చంటారా? జబ్బును అదుపులో ఉంచే కోపాక్సోన్ సూదిమందు అమ్మే టెవా సంస్థకు అమెరికా ప్రధాన కార్యాలయం మన పార్సిప్పనీలోనే ఉంది. ఆ మందుకే హైదరాబాద్ నాట్కో, మైలాన్‌తో కలిసి తెచ్చిన జెనరిక్‌కు 2017 అక్టోబరులో అనుమతి దొరికింది. భారం అనిపిస్తే మానేయకుండా, చవకైనదేదైనా ఉందా అని డాక్టరును అడగండి.

మేం చెప్పేది ఒక్కటే. జబ్బును దాచినన్నాళ్లూ సగం తెలిసిన సలహాలే ఇంట్లో రాజ్యమేలుతాయి. పేరు పెట్టి చెప్పుకుందాం, నడకను కొలిచి చూసుకుందాం, నిర్ణయం డాక్టరుతో కలిసి తీసుకుందాం.