గుడి ముందు ఏ చెట్టు నాటుదాం?



ఈ క్రిస్మస్‌కు గుడి ముందు నిజమైన ఫర్ చెట్టు నాటుదామని మన యవ్వనస్థులు అడుగుతున్నారు. ఆశ మంచిదే. కానీ సువాసన గల బాల్సమ్ ఫర్ కెనడా చలి అడవుల చెట్టు. దానికి గడ్డకట్టే చలికాలం, చల్లని తేమ నేల కావాలి. మన హిమాలయాల్లోని ఫర్ చెట్లు కూడా సాధారణంగా 2,000 మీటర్లు దాటిన ఎత్తులోనే పెరుగుతాయి. పటాన్‌చెరు ఎత్తు సుమారు 545 మీటర్లు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు. ఇక్కడి నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మేది ఎక్కువగా ఫర్ కాదు, నార్ఫోక్ దీవి అరౌకేరియా. నేనూ ఒకటి తెచ్చి నాటాను. నీళ్లు సరిగా పోయలేక రెండో వేసవికే పోగొట్టుకున్నాను.

యెషయా 60:13 చదవండి. ఆలయాన్ని అలంకరించడానికి వచ్చేవి పొరుగునున్న లెబానోను చెట్లు. మన నేలకు దేవుడిచ్చినవి వేప, కానుగ. నైట్ షిఫ్టు దిగి, లారీల దుమ్ములో నడిచి ఆరాధనకు వచ్చే సహోదరునికి ముందు కావలసింది నీడ. సువాసన కావాలంటే ఉగాది వేళ వేప పూత ఉంది కదా!

అందుకే నా మనవి: అలంకారానికి ఉన్న ప్లాస్టిక్ చెట్టు చాలు. ఆ చందాతో వేప, కానుగ మొక్కలు నాటుదాం. వేసవిలో నీళ్లు పోయడానికి ఒక్కో కుటుంబం ఒక్కో మొక్కను తీసుకోవాలి. మొదటి మొక్క మా ఇంటిది.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.