పండుగకు యజమాని ఎవరు?

డిసెంబరు మాసము ప్రవేశింపగానే బ్రిటను దేశపు పత్రికలయందును టెలివిజనునందును ఒక తంతు ఆరంభమగును. పండుగనాటి రాత్రి ప్రదర్శింపబోవు హాస్య ధారావాహికయందలి నటీనటులను వరుసగా కూర్చుండబెట్టి రెండు ప్రశ్నలు వేయుదురు. ఈ యేటి పండుగ భాగమున నేమి జరుగును? అనునది మొదటిది. మీ యింట క్రిస్మసు నెట్లు జరుపుకొందురు? అనునది రెండవది. మొదటి దానికి కథ బయటపడకుండ లౌక్యముగా బదులు చెప్పుదురు. రెండవ దానికి టర్కీకోడి వేపుడు, చుట్టముల పేచీలు, పిల్లల బహుమానములు, భోజనానంతరపు కునుకు వర్ణింతురు. అందఱును నవ్వుదురు. ప్రదర్శనమునకు కావలసిన ప్రచారము కుదురును.

ఇది సంపాదకీయమునకు తగిన విషయము కాదని మా పాఠకులలో కొంద ఱనుకొనవచ్చును. మేమట్లు తలపము. ఒక జాతి తన పండుగను గూర్చి ఎవరి నోట, ఏ భాషలో, ఏమి వినుచున్నదో దానినిబట్టియే రాబోవు తరమువారు ఆ పండుగ నెట్లు జరుపుకొందురో నిర్ణయమగుచున్నది. కావున ఆ రెండవ ప్రశ్నను మేము తేలికగా విడిచిపెట్టజాలము.

ఉదాహరణమునకు ‘గావిన్ అండ్ స్టేసీ’ అను ధారావాహికను తీసికొందము. ఇది బి.బి.సి.వారిచే 2007లో ప్రారంభింపబడినది. జేమ్స్ కోర్డెన్, రూత్ జోన్స్ అను నటులిద్దఱును కలిసి వ్రాసినది. ఇంగ్లండునందలి ఎసెక్సు సీమలో బిల్లరికీ పట్టణమునకు చెందిన యువకునికిని, వేల్సు దేశమున సముద్రతీరమందలి బారీ పట్టణపు యువతికిని జరిగిన వివాహము దీని యితివృత్తము. ఇరువంకల చుట్టములు ఒకరి యింటి కొకరు వచ్చుచు పోవుచుండుటయే కథ. 2008 నాటి క్రిస్మసు భాగమున వేల్సువారు ఇంగ్లండునకు తరలివత్తురు. 2019 నాటి భాగమున ఇంగ్లీషువారు బారీకి పోవుదురు. 2024 డిసెంబరు 25వ తేదీన కడపటి భాగము ప్రదర్శింపబడినది. అది పెండ్లి కథ.

ఇందలి హాస్యము నిర్మలమైనది. వేల్సు మనిషి మాటతీరును ఎగతాళి చేసి నవ్వించుట ఇంగ్లీషు రంగస్థలమునకు పాత అలవాటు. ఈ కథలో నట్లుగాక, బారీ యాస బిల్లరికీ యాసతో సమానముగా కూర్చుండి భోజనము చేసినది. వ్రాసిన యిద్దఱిలో రూత్ జోన్సుగారు వేల్సు ఆడపడుచు. నటులలో రాబ్ బ్రైడన్, జోయానా పేజ్ గారలును వేల్సువారే. ఒక చిన్నదేశపు ఇంటిమాట పెద్దదేశపు పండుగ రాత్రి గౌరవముగా వినబడుట సామాన్యవిషయము కాదు. కావున మా వాదము నటులమీదను కాదు, హాస్యముమీదను కాదు.

జనులెందఱు చూచిరో గమనింపుడు. ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’ అను ధారావాహిక యొక్క 1996 డిసెంబరు 29వ తేదీ భాగమును 2 కోట్ల 43 లక్షలమంది చూచిరి. ఇంటింట నెన్నో మార్గములు తెఱువబడిన యీ కాలమున సయితము, 2024 నాటి ‘గావిన్ అండ్ స్టేసీ’ కడపటి భాగమును ఆ రాత్రియే 1 కోటి 20 లక్షలకు పైగా చూచిరి. ఇంతటి సభ యే రాజకీయనాయకునికిని లభింపదు. ఏ చర్చి గురువునకును లభింపదు. ఇట్టి సభయెదుట నిలిచి ‘మా యింటి ఆచారమిది’ యని ప్రియనటుడు చెప్పిన మాటకు ఎంత బలముండునో వేఱుగ చెప్పవలెనా?

బలమున్నదనుటకు చరిత్రయే సాక్షి. నేడు ఇంగ్లీషువారు అనాదియని భావించు క్రిస్మసు సరంజామాలో అధికభాగము విక్టోరియా రాణి కాలమున తయారైనదే. అచ్చువేసిన క్రిస్మసు కార్డు 1843లో పుట్టినది. బల్లమీద పేల్చు కాగితపు క్రాకరు 1847 ప్రాంతమున లండను మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ కల్పించినది. రాణియు, ఆమె భర్త ఆల్బర్టును, పిల్లలును దీపములు పెట్టిన చెట్టుచుట్టు నిలిచియున్న బొమ్మ నొకదానిని 1848లో ‘ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ పత్రిక ప్రకటించినది. అంతకుముందు సంపన్నుల యిండ్లలో అక్కడక్కడ కనబడుచుండిన ఆ జర్మను ఆచారము అటుపిమ్మట సామాన్యుల యిండ్లకును ప్రాకినది. ఒక పత్రికలోని యొక్క బొమ్మ అంతపని చేసినప్పుడు, కోటిమంది యెదుట కదలుచు మాటలాడు బొమ్మ యెంతపని చేయదు?

ఇక బారీ పట్టణమున్న గ్లామోర్గన్ సీమకు స్వంత ఆచారములు లేవా? ఉన్నవి. అందు ‘మారీ లూయిడ్’ ప్రసిద్ధమైనది. గుఱ్ఱపు కపాలము నొక కఱ్ఱకు తగిలించి, తెల్లని వస్త్రము కప్పి, రిబ్బనులతో నలంకరించి, క్రిస్మసు దినములలో కొందఱు ఇంటింటికి తిరుగుదురు. వాకిట నిలిచి లోనికి రానిమ్మని పద్యములు పాడుదురు. ఇంటివారు తలుపు తీయక లోపలినుండి పద్యములతోనే బదులు చెప్పుదురు. ఎవరికి పద్యము తోచక ఆగిపోవునో వారు ఓడినట్లు. పిదప తలుపు తెఱచి, అతిథులకు తినుటకును త్రాగుటకును పెట్టుదురు. సంక్రాంతి గంగిరెద్దును ఎఱిగినట్టియు, ఆశుకవిత్వమును మెచ్చునట్టియు మనవారికి ఇందలి రసము వెంటనే బోధపడును.

వేల్సునందే ‘ప్లగైన్’ అను మఱియొక ఆచారము గలదు. కోడికూత అని అర్థమిచ్చు లాటిను మాటనుండి యీ పేరు వచ్చినదందురు. క్రిస్మసునాడు తెల్లవాఱకముందే దేవాలయమునకు చేరి, వాద్యముల తోడులేకుండ వేల్సుభాషలో కీర్తనలు పాడుట పూర్వాచారము. ఎవరి పేరును పిలువరు. ఒక బృందము ముగిసిన పిదప మఱియొక బృందము తానై లేచి ముందునకు వచ్చును. మాంట్‌గొమెరీ సీమలో నిది నేటికిని జీవించియున్నది. ధనుర్మాసపు తెల్లవాఱుజామున తిరుప్పావై విన్నవారికి ఆ చలిలోని వెచ్చదనమును వర్ణింప నక్కఱలేదు.

నటులను ప్రశ్నించువారు సాధారణముగా వీనిని అడుగరు. వారడుగునది టర్కీకోడి ఎవరు వండుదురని, చెట్టు ఎప్పుడు నిలుపుదురని. ఎల్లరకును తెలిసినదియు, అంగడిలో దొరకునదియునగు ఆచారమే వారి ప్రశ్నకు తగినది. అంగడిలో దొరకని ఆచారము ప్రశ్నకే నోచుకొనదు. ఇందు ఎవరి కుట్రయు లేదు. కుట్రయే యుండిన దానిని బయటపెట్టి యోడింపవచ్చును. అలవాటునకు ముద్దాయి యెవ్వరును లేరు. అందుచేతనే అది మిక్కిలి ప్రమాదకరము. 2019 నాటి పండుగ భాగమునకై వేసవికాలముననే బారీ వీథులలో దీపములు కట్టి చిత్రీకరించిరి. నటనయందు అది తప్పుకాదు. కాని తెరకొఱకు కట్టిన దీపములు ఊరివారి పండుగకు కొలతబద్దలగుట తప్పు.

ఈ సందర్భమున బారీ పట్టణమందే పుట్టిన యొక మహనీయుని స్మరింపవలసియున్నది. గ్విన్‌వోర్ ఎవాన్సుగారు 1912లో నచ్చట జన్మించిరి. ఆయన యింటిలో ఇంగ్లీషే మాటలాడిరి. వేల్సుభాషను ఆయన యౌవనమున పట్టుపట్టి నేర్చుకొనిరి. న్యాయశాస్త్రము చదివిరి. అహింసావాదియై యుద్ధమున చేర నిరాకరించిరి. 1966 జూలై 14న కార్మార్థెన్ ఉపయెన్నికలో గెలిచి, వేల్సు జాతీయపక్షమగు ప్లైడ్ కమ్రీ తరఫున పార్లమెంటున ప్రవేశించిన మొదటి సభ్యులైరి.

వేల్సుభాషకు ప్రత్యేక టెలివిజను మార్గము నిచ్చెదమని 1979 ఎన్నికలలో కన్సర్వేటివు పక్షమువారు వాగ్దానము చేసిరి. గద్దె నెక్కిన కొలది నెలలకే మాట తప్పిరి. అనేకులు టెలివిజను లైసెన్సు రుసుము చెల్లింప నిరాకరించిరి. 1980 అక్టోబరు 6నుండి మరణపర్యంతము నిరశనవ్రతము పూనెదనని ఎవాన్సుగారు ప్రకటించిరి. సెప్టెంబరు 17వ తేదీననే ప్రభుత్వము దిగివచ్చినది. 1982 నవంబరు 1న ‘ఎస్ ఫోర్ సి’ అను వేల్సుభాషా ప్రసారము ప్రారంభమైనది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారిని కోల్పోయిన మనకు నిరశనవ్రతమన నేమో యొకరు చెప్పనక్కఱలేదు. కాని ఒక వినోదసాధనముకొఱకు ప్రాణము నొడ్డుట యేమని ఆనాడు నవ్వినవారు లేకపోలేదు. ఎవాన్సుగారు కోరినది వినోదము కాదు. తమ నవ్వును, తమ పండుగను తమ మాటలో చూచుకొను హక్కు.

ప్రతివాదుల పక్షమును విందము. వేల్సుభాష తెలిసినవారే కొలదిమంది, కొలదిమందికై అంత వ్యయమేల? అని మొదటి ఆక్షేపణము. 1911లో నూటికి 43 మందికి ఆ భాష వచ్చెడిది. 2021 జనసంఖ్యలో నది నూటికి 17.8కి, అనగా సుమా రయిదులక్షల నలువదివేలకు, తగ్గినది. బడిలోను కొలువులోను ఆదరణ లేక క్షీణించిన భాషను చూపి, క్షీణించినది కావున ఆదరింపరాదనుట, అన్నము పెట్టక చిక్కినవానికి చిక్కినాడని అన్నము మానిపించుట వంటిది.

చిన్నభాషలో మంచి హాస్యము పుట్టదనుట రెండవ ఆక్షేపణము. దీనికి 1970లోనే సమాధానము దొరకినది. ‘వో ఆ వే’ అను వేల్సుభాషా హాస్య ధారావాహిక ఆ యేట మొదలైనది. ఉత్తర వేల్సువారు ‘అతడు’ అనుటకు ‘వో’ అందురు. దక్షిణమువారు ‘వే’ అందురు. ఉత్తరపు వియ్యంకుడును దక్షిణపు వియ్యంకుడును ఒకచోట చేరి కలహించుటయే యందలి కథ. బిల్లరికీకిని బారీకిని వియ్యము కలిపిన కథకు మూడుపదుల యేండ్లకు పైబడి ముందే వేల్సువారు తమ రెండు యాసలకు వియ్యము కలిపి నవ్వుకొనిరి. తమ యింట తాము నవ్వుకొనుట నేర్చిన జాతి పొరుగింటివానితో సమానముగా నవ్వగలదు.

ఆచారములు మాఱుచునేయుండును, ఆపుట వ్యర్థమనుట మూడవ ఆక్షేపణము. మాఱుననుట నిజము. మేము పాతదానిని గాజుపెట్టెలో పెట్టుమని కోరుట లేదు. జర్మను చెట్టు ఇంగ్లండున నాటుకొనుట పాపమనియు ననము. మార్పు నెవరు చేయుచున్నారనునదియే మా ప్రశ్న. ఇంటివారు కోరి మార్చుకొనిన అది జీవలక్షణము. అమ్మువాడు మార్చిపెట్టగా ఇంటివారు కొనుక్కొనిన అది జీవలక్షణము కాదు, బేరము.

నేడీ ప్రశ్న మఱింత తీవ్రమైనది. బి.బి.సి.కి ఆధారమగు రాజపత్రము 2027 డిసెంబరు 31తో ముగియును. 2022నుండి ‘ఎస్ ఫోర్ సి’కి ప్రభుత్వనిధియు ఇంటింటి లైసెన్సు రుసుమునుండియే లభించుచున్నది. ఆ రుసుమును ఎత్తివేసి, చందా కట్టినవారే చూచుకొందురుగాక యను వాదము బలపడుచున్నది. చందాల వ్యాపారి లాభము చూచును. లాభము పెద్దభాషలో నుండును. అప్పుడు కోటిమంది కూర్చున్న ఉమ్మడి చావడి కూలును. దాని ప్రక్కనున్న చిన్నభాష పంచయు కూలును. కూలిన పిదప నటుల నేమి ప్రశ్నింపవలెనో నిర్ణయించువాడు వ్యాపారి యొక్కడే మిగులును.

ఇది పరదేశపు గొడవయని తెలుగువారు చేతులు కట్టుకొని కూర్చుండ వీలులేదు. మన టెలివిజనులయందును సంక్రాంతికి, ఉగాదికి ప్రత్యేక ప్రదర్శనములు గలవు. నటీనటులకు పట్టుబట్టలు కట్టించి, కాగితపు ముగ్గులమధ్య నిలిపి, మీ యింటి పండుగ యెట్లుండునని అడుగుట గలదు. ఆ నవ్వును మేము కాదనము. కాని పాలమూరు పల్లెలోను, శ్రీకాకుళపు తీరమునను, రాయలసీమ మెట్టలోను పండుగ ఒక్కతీరున జరుగదు. గుంటూరుసీమ తెలుగు క్రైస్తవుని క్రిస్మసునకును స్వంత పాటయు స్వంత వంటయు గలవు. తెరపై నొక్కటే పండుగ కనబడిననాడు తక్కిన వన్నియు లేనివిగా లెక్కింపబడును.

ఆ రెండవ ప్రశ్నను నటుని నోటనే విడిచిపెట్టవలదని మేము తెలుగు గృహస్థులను, గృహిణులను కోరుచున్నాము. దానిని ఇంటిలోని అవ్వ నడుగుడు. తాత నడుగుడు. వారు చెప్పినది బిడ్డలచే వ్రాయింపుడు. తెరపై తమ యూరి పండుగ లేదని తోచిన ప్రసారకర్తలకు ఉత్తరము వ్రాసి యడుగుడు. బారీలో పుట్టిన యొక మనుష్యుడు అడిగి సాధించినాడు. అడుగని జాతి పండుగకు అంగడివాడే పురోహితుడగును.