తల గొట్టిన చెట్లు

ఈ సంచికకొఱకు మా విద్యార్థి యొకడు పలివెల చేలగట్టున నున్న కానుగచెట్టును ఫోటో తీసి తెచ్చెను. కొమ్మలన్నియు పోయి మ్రాను మాత్రమే నిలిచియున్నది. క్రింద "చెట్టు హత్య" యని వ్రాసియుండెను. ఆ బాలుని జాలిని మేము మెచ్చుకొంటిమి గాని, ఆ మాటను ఒప్పుకొనజాలకపోతిమి.

రైతు ఆ చెట్టును చంపలేదు. దమ్ముచేయు నాళ్లలో మడికి పచ్చిరొట్ట కావలెను. అందుకై కొమ్మలు కొట్టి, ఆకును బురదలో త్రొక్కించును. పుల్లలు పొయ్యిక్రిందికి వచ్చును. బెరడు మాటున నిద్రించుచున్న మొగ్గలు మేల్కొని మరల రెమ్మలు వేయును.

ఇట్టి వాడుక మనకే చెందినది కాదు. ఇంగ్లాండులో ఏటిగట్ల విల్లో చెట్లను, లేతచిగుళ్లు పశువులకు అందని యెత్తున, కొన్నియేండ్ల కొకసారి తల గొట్టుదురు. లండను చెంత ఎప్పింగు అడవిలో ఊరివారికి వంటచెఱకుకై కొమ్మలు కొట్టుకొను హక్కుండెడిది. అడవిని కాపాడుటకు వచ్చిన 1878వ సంవత్సరపు చట్టము ఆ హక్కును తొలగించెను. కత్తి తగులని ముసలిచెట్లు తల బరువెక్కినవి. అట్టి చెట్లు ఆ బరువునకు చీలిపోవుటయు కలదు. అందుచే అచ్చట కొన్ని తావులలో మరల కొమ్మలు కొట్టుచున్నారు.

అయినను ప్రతి నరకుడును మేలు కాదు. కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది పోయిన చెట్టే పోవును. తీగలకు అడ్డమని, ఎన్నడును కత్తి యెఱుగని పెద్దచెట్ల లావుకొమ్మలను ఒక్కనాడు తెగగొట్టినచో, ఆ గాయము మానక మ్రాను పుచ్చును. లేతనాడు మొదలుపెట్టి, ఎప్పటికప్పుడు వచ్చిన చిన్నకొమ్మలనే ఆ చోటనే కొట్టుట సరియైన పద్ధతి.

నేడు బస్తాల యెరువు వచ్చినది. ఆకుతో పనిలేదని కొట్టుట మానిన గట్టుచెట్టు గుబురెక్కి వరిపై నీడ వేయును. అప్పుడు దానిని మొదలంట నరకుదురు. హత్య యనదగినది అదియే. చెట్టుతో పనిపడినవాడే దానిని బ్రతుకనిచ్చును. తలిదండ్రులారా, కొట్టు విధమును మీ బిడ్డలకు గట్టునకు తీసికొనిపోయి చూపుడు. ఆ కౌశలము పోయిన చెట్లును పోవును.

ఒక ఛాయాచిత్రము ఒక్క నిమిషమునకే సాక్షి. విద్యార్థులారా, ఒకే చోట నిలిచి ఒకే చెట్టును ముమ్మాఱు తీయుడు: కొట్టకముందు, కొట్టిననాడు, వానలు వెలిసిన పిమ్మట. ఆ బాలునికి చిత్రమును తిరిగి యిచ్చి, మూడవది వచ్చువఱకు క్రింద నేమియు వ్రాయవలదని చెప్పితిమి.