సూది యెవరి సొత్తు?

క్రిందటి మాసమున కాజాలు కుట్టు విధమును గూర్చి వ్రాసితిని. అది చదివిన యొక సోదరి, "మా యింట పాతచీరలు పెట్టెనిండ నున్నవి. కట్టుకొనుటకు వీలులేదు, పారవేయుటకు మనసొప్పదు. వానితో బొంత కుట్టు విధమును తెలుపగోరెదను" అని వ్రాసినది. కావున ఈ మాసమున బొంతను గూర్చి వ్రాయ సంకల్పించితిని. అయితే మా యింట బొంత కుట్టుచుండగా జరిగిన యొక సంగతి నన్ను మిక్కిలి కలతపెట్టి, తుదకొక పాఠమును నేర్పినది. దానిని గూడ దాచక మీకు నివేదించుచున్నాను.

మన భాషలో బొంతకు గౌరవము తక్కువ. పొందికలేని దానిని "అతుకుల బొంత" యందుము. సరిజోడు కుదిరినచో "గంతకు తగ్గ బొంత" యని పరిహసింతుము. కాని మనలో బొంతమీద పండుకొనక పెరిగినవా రెందరు? వంగదేశపు స్త్రీలు పాతచీరల మడతలను కలిపి "కాంథా"లు కుట్టుదురు. ఆ చీరల యంచులనుండి లాగిన రంగుదారములతోనే పూవులను, పక్షులను దానిపై నిలుపుట వారి పూర్వాచారము. కన్నడదేశమున దీనిని "కవుది" యందురు. మహారాష్ట్రమున "గోధడి" యందురు. పేర్లు వేరు, కుట్టు మాత్రమొక్కటియే. సూది క్రిందికి దిగి పైకి తేలుచు ముందునకు సాగు సాదాకుట్టు. మన పెద్దలు చెప్పిన చతుష్షష్టి కళలలో సూచీవానకర్మ మొకటి. కావున ఇది నీచమైన పని యని యెవ్వరును తలపరాదు.

మా ఆడుబిడ్డ పురిటికి పుట్టింటికి రానున్నది. చలిదినములు గనుక ఆమె కప్పుకొనుటకొక బొంత కావలెనని మా అత్తగారు తలచి, పెట్టె యడుగునుండి తమ పాతచీరలు రెండు తీయించిరి. ఒకటి మంగళగిరి నూలుచీర. మామగారు జీవించియున్న కాలమున సంక్రాంతికి కొనిపెట్టినది. రెండవది వెంకటగిరి చీర. ఉతికి యుతికి వెన్నవలె మెత్తబడినది.

ఇక విధానమును వినుడు. చీరలు నూలువియే కావలెను. నైలానువంటివి చెమటను పీల్చవు, మడతలు జారిపోవును. ముందుగా చీరయంచున కుట్టిన ఫాలును విప్పి, గోరువెచ్చని నీట నానబెట్టి గంజియంతయు వదలునట్లు ఉతికి, ఎండలో నారవేయవలెను. చిరుగులున్నచోట మొదటనే మాసికలు వేయవలెను. 6 గజముల చీరను అడ్డముగా మూడు మడతలు చేసినచో 72 అంగుళముల పొడవు, సుమారు 45 అంగుళముల వెడల్పు గల మూడు పొరలు వచ్చును. రెండు చీరలకు ఆరు పొరలు. ఒక మనిషి కప్పుకొనుట కిది చాలును. గట్టి చీర వెలుపలికి, మెత్తబడిన చీర లోపలికి వచ్చునట్లు అమర్చవలెను. మేము మంగళగిరి చీర పొరలను పైన రెండును క్రింద నొకటియు నుంచి, నడుమ వెంకటగిరి చీరను మూడు మడతలుగా చొప్పించితిమి.

పొరలను నేలపై పరచి, నాలుగు మూలలను నలుగురు పట్టి బిగువుగా లాగి, మూలలయందు బరువులు పెట్టవలెను. పిమ్మట నడుమనుండి అంచులవైపునకు జానెడేసి యెడముగా పొడవైన టాకాలు వేయవలెను. అంచులనుండి మొదలుపెట్టినచో ముడుతలన్నియు నడుమకు చేరి నిలిచిపోవును. తరువాత నెంత కుట్టినను పోవు. టాకాలు పడిన పిదప అంగుళమున కొక వరుస చొప్పున సాదాకుట్టు వేయవలెను. దారము గజమునకు మించరాదు, మించినచో చిక్కుపడును. ఆరు పొరలలో సూదిని నెట్టునపుడు వ్రేలు నొవ్వకుండ లోహపు తొడుగు పెట్టుకొనుట మేలు. తుదకు చీరయంచును కత్తిరించి చుట్టును పట్టీగా కుట్టి, టాకాలను తీసివేయవలెను.

మేము టాకాలు ముగించిన నాటి సాయంకాలమున మా అత్తగారు తాము వరుసలు మొదలిడెదమని కూర్చుండిరి. చేయి తిరిగినదే గాని, డెబ్బది యేండ్లు దాటిన కన్నులకు సూదిబెజ్జము కనబడదు. మా అమ్మాయి ఆ ప్రక్కనే మరునాటి పరీక్షకు లెక్కలు చేసికొనుచుండెను. "అమ్మడూ, దారం ఎక్కించి పెట్టవే" యని అత్తగారు పిలిచిరి. అది లేచి యెక్కించి పోయెను. గజము దారమెంతసేపు వచ్చును? మరల పిలిచిరి. మరల లేచెను. నాలుగవమారు పిలిచినపుడు అది కలము క్రింద పెట్టి, "మామ్మా, అన్నయ్య ఊరికే కూర్చున్నాడుగా! వాడికి మాత్రం కళ్ళు లేవా?" అనెను.

"మగపిల్లాడి చేత సూది పట్టిస్తామటే!" యని అత్తగారు తెల్లబోయిరి. నేను వంటయింటినుండి వచ్చి, "పెద్దవాళ్ళకు ఎదురు చెప్పవచ్చునా?" అని పిల్లనే కసరితిని. అది మారుమాటాడక దారమెక్కించి సూదిని మామ్మ చేతికిచ్చెను. ఇచ్చునపుడు దాని కన్నుల నీరు తిరిగియుండుట చూచితిని. చూడనట్లు లోపలికి పోయితిని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దలకెదురు చెప్పుట తప్పే. కాని అది యడిగిన దానికి నా యొద్ద సమాధానము లేదు. నా చిన్నతనమున మా తాతగారు నాకును మా అన్నయ్యకును ఇంటనే భారతమును, ప్రబంధములను చెప్పెడివారు. అన్నయ్య యొడిలో పుస్తకమొకటియే యుండెడిది. నా యొడిలో పుస్తకముతోపాటు అన్నయ్య చినిగిన చొక్కా యుండెడిది. పద్యమునకు తాత్పర్యము చెప్పునంతలో ఒక బొత్తాము కుట్టవలెను. నేను చొక్కావైపు చూచుచుండగా జారిపోయిన పద్యములెన్నో! ఎందుకిట్లని నేనొకనాడును అడుగలేదు. నా కూతురు అడిగినది. అడిగినందుకు దానిని కసరితిని.

మరునాడు మా వారు బడినుండి వచ్చిన పిదప ఈ సంగతి చెప్పితిని. వారు కొంత యాలోచించి, "సూది ఆడవాళ్ళదే అయితే మన వీధి చివర దర్జీ ఎవరోయ్? అతనికి మీసాలున్నాయి కదా!" అని నవ్విరి. నేను గూడ నవ్వితిని గాని, ఆ మాట నాలో నాటుకొనినది. నిజమే. అంగడిలో కూలి వచ్చుచోట సూది తరచుగా పురుషుని చేత నున్నది. ఇంటిలో కూలి లేనిచోట అది స్త్రీ చేత నున్నది. సూది యొక్కటియే, కూలి యున్నచో వృత్తి, లేనిచో ఆడపని!

కూలి వచ్చినను ఆడుదాని పనికి విలువ యెంత? మా గోదావరి ప్రాంతమున నరసాపురము లేసు ప్రసిద్ధము. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ యల్లిక నరసాపురమునందును, చుట్టుపట్ల గ్రామములయందును వేలకొలది స్త్రీల చేతులలో పెరిగి విదేశములకు చేరినది. ఆ స్త్రీలను గూర్చి మరియా మీస్ అను జర్మను విదుషీమణి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. గంటలకొలది అల్లుచున్నను వారిని పనివారుగా గాక, తీరికవేళ చేతిపని చేసికొను గృహిణులుగానే యెంచిరనియు, అందువలననే కూలి మిక్కిలి స్వల్పముగా నుండెననియు ఆమె చూపినది. "తీరికపని" యను నొక్క మాట ఎంత శ్రమను మరుగుపరచెనో చూచితిరా?

ఆ మాటయే మా అబ్బాయి నోటను వచ్చినది. వాడు తొమ్మిదవ తరగతి. "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకునే పనికి ఇంత గొడవెందుకమ్మా?" అనెను. నేను కోపింపక, "నీకు లెక్కలంటే ఇష్టం కదా, ఈ బొంతకు ఎన్ని కుట్లో చెప్పు" అంటిని. వాడు కాగితము తీసికొని కూర్చుండెను. వరుసలు 45. వరుసకు 72 అంగుళములు. అంగుళమునకు 2 కుట్లు. మొత్తము 6480 కుట్లు! నిమిషమునకు 6 కుట్ల చొప్పున చేయి తిరిగినవారికి 18 గంటల పని. దీనిలో ఉతుకుట, మాసికలు, టాకాలు, అంచుపట్టీ చేరలేదు. వాడు తన లెక్కను రెండుమారులు సరిచూచుకొనెను.

"అయితే ఒక్క వరుస నువ్వు కుట్టి చూడు" అంటిని. అత్తగారు ఏమనెదరో యని నాకు బెదురుగానే యుండెను. కావున ముందుగా వారి యొద్దకు పోయి, "మీకు తప్ప ఈ ఇంట్లో బొంత కుట్టడం ఎవరికీ సరిగ్గా రాదు, అత్తయ్యగారూ. వాడికీ నేర్పరాదా? రేపు పరాయి ఊళ్ళో చదువుకుంటాడు, చొక్కా చినిగితే ఎవరున్నారు?" అని మెల్లగా అంటిని. వారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "గాంధీగారే రాట్నం వడికాడు, వీడు సూది పడితే కొంప మునుగుతుందా!" యని తామే సమాధానపడి వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి.

ఒక వరుస, 144 కుట్లు, వానికి గంటసేపు పట్టినది. రెండుమారులు వ్రేలు పొడుచుకొనెను. మూడుమారులు దారము ముడిపడెను. ముగించి, మెడ నిమురుకొనుచు, "మామ్మా, ఇంకా నలభైనాలుగా!" అనెను. ఆ మాటలో మునుపటి తేలికదనము లేదు. ఆ వరుస గోదావరి పాయవలె వంకరలు పోయినది. విప్పి తిన్నగా కుట్టెదనని నేను చేయి చాపగా అత్తగారు నా చేయి పట్టుకొని, "ఉండనీవే. పుట్టబోయే బిడ్డకు బావ కుట్టిన వరుస అది" అనిరి.

నాటినుండి మా యింట నొక యేర్పాటు జరిగినది. ఉదయమున బడికి పోవుటకు ముందు పది సూదులకు గజమేసి దారమెక్కించి, గుడ్డ దిండునకు గ్రుచ్చి మామ్మ దగ్గర పెట్టవలెను. ఒకనాడు అబ్బాయి, ఒకనాడు అమ్మాయి. ఇక పగలెవ్వరిని పిలువనక్కరలేదు. కన్నులు మసకబారిన పెద్దలున్న ప్రతి యింటను ఇది చేయదగినదే. బొంత రెండువారములలో ముగిసినది. మా వారు గూడ తమ చొక్కాకు తామే బొత్తాము కుట్టుకొనిరి. అది కొంత పైకి పడినందున ఆ దినమంతయు మెడ సాచియే పాఠము చెప్పిరట!

అమ్మాయిని నేను వేరుగా పిలిచి, "ఆ రోజు నిన్ను కసరడం నాదే తప్పమ్మా" అని చెప్పితిని. తల్లి పిల్లతో అట్లనవచ్చునా యని కొందరు తలపవచ్చును. అనినందున నా పెద్దరికమేమియు తగ్గలేదు. పరీక్షలు ముగిసిన పిదప అది తనంతట తానే వచ్చి మామ్మ ప్రక్కన కూర్చుండి అంచుపట్టీ కుట్టినది. కొన్ని దినములు వచ్చును, కొన్ని దినములు రాదు. రాని దినమున నేను పిలువను.

సోదరీమణులారా, మన కుమార్తెలకు సూదిపని నేర్పవలదని నా యభిప్రాయము కాదు. అది చక్కని విద్య, గృహమునకు పొదుపు, మనసునకు నెమ్మది. కాని విద్య యైనచో ఇరువురకును నేర్పవలెను. బరువైనచో ఇరువురును మోయవలెను. పదియేండ్లు దాటిన కుమారుడు గల ప్రతి తల్లియు ఈ మాసమున వానిచేత బొత్తాము కుట్టించుట, చిరుగునకు మాసిక వేయించుట అను రెంటిని చేయించి చూడుడు. వంకరగా వచ్చినను విప్పకుడు.

వచ్చు మాసమున పాతపంచెలతో పసిబిడ్డలకు పొత్తిగుడ్డలు, చిన్న పక్కబొంతలు కుట్టు విధమును వ్రాసెదను.

ఇట్లు,
మీ సోదరి