సైలెన్సర్ పీకితే పికప్ రాదప్పా

ఈ సంక్రాంతికి కల్లూరు వెళ్ళా. రాత్రి పదకొండున్నరకి వీధి చివర్నుంచి ఒకటే మోత. ట్రాక్టర్ కాదు, లారీ కాదు, జేసీబీ అసలే కాదు. మా అమ్మ కళ్ళు తెరవకుండానే "మనోడే, బాడిగ నుంచి వచ్చినాడు" అని అటు తిరిగి పడుకుంది. మనోడు అంటే మా చిన్నాన్న కొడుకు. వాడి బొలేరో పికప్ నాకు కొత్తేం కాదు. 2019లో కొన్నప్పుడు నా కొత్త ఉద్యోగం జీతంలోంచి కొంత డౌన్‌పేమెంట్‌కి సర్దా. అప్పుడది ఇట్లా అరిచేది కాదు.

పొద్దున్నే అడిగా, ఏందిరా ఆ మోత అని.

"సైలెన్సర్ మార్పిచ్చినా అన్నా. పాతది తుప్పు పట్టి చిల్లు పడింది. ఇప్పుడు పికప్ సూడు, అదిరిపోతాంది. మైలేజ్ గూడా రెండు పెరుగుతుందంట."

ఆ "అంట" మీదే నా గొడవంతా.

బండి కిందకి దూరి చూశా. పాత డబ్బా లేదు. దాని ముందుండే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా లేదు. ఇంజిన్ దగ్గర్నుంచి వెనకదాకా ఒకటే గుల్ల గొట్టం, చివర్లో తళతళలాడే పెద్ద నోరు. దీనికి షాపువాడు పెట్టిన పేరు "ఫ్రీ ఫ్లో". షాపు పేరు రాయను. ఎందుకంటే అది ఒక్క షాపు కథ కాదు, మన జిల్లాలో ఏ ఆటోనగర్‌కి పోయినా ఇదే మాట చెప్తారు.

నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి (మా బ్యాచ్‌లో ముప్పాతిక మంది అంతే). ఐసీ ఇంజిన్స్ పేపర్ అత్తెసరు మార్కులతో గట్టెక్కా. కానీ ఈ అబద్ధం పట్టుకోడానికి ఆ అత్తెసరు చాలు.

పెట్రోలు బండిలో యాక్సిలరేటర్ తొక్కితే లోపలికెళ్ళే గాలి పెరుగుతుంది. డీజిల్ బండిలో తొక్కితే పెరిగేది డీజిల్. ఎంత డీజిల్ చిమ్మాలో ఇప్పటి కామన్ రైల్ బండ్లలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దానిలో రాసిన లెక్క మారనంత కాలం నువ్వు వెనకాల గొట్టం మార్చు, గొట్టానికి బంగారు పూత పెట్టు, అది చిమ్మే డీజిల్ దాదాపు అంతే. డీజిల్ అంతే అయితే బలమూ అంతే.

మరి పొగ బయటికి సులభంగా పోతే ఇంజిన్‌కి హాయి కదా అంటారు. నిజమే, కొంత. కానీ ఎప్పుడు? గొట్టంలో గాలి ప్రవాహం సగమైతే దానికి తగిలే అడ్డు సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే ఆ అడ్డు లెక్కలోకి వచ్చేది ఇంజిన్‌ని చివరికంటా గుంజినప్పుడే. మా వాడు చేసేదేంది? ఉల్లిగడ్డ మూటలు మార్కెట్ యార్డుకి, బేతంచెర్ల నాపరాళ్ళు ఇక్కడికి. నిండు లోడు మీద, రెండు వేల ఆర్‌పీఎం అటూ ఇటూ, సెకండ్‌లో థర్డ్‌లో. అక్కడ కంపెనీ సైలెన్సర్ అడ్డుపడేది ఏమంత ఉండదు. పైగా ఇది టర్బో బండి. పొగ ముందు టర్బో చక్రాన్ని తిప్పి అప్పుడు సైలెన్సర్ దాకా వస్తుంది. రేసు కారుకి పనికొచ్చే మందుని ఎద్దుబండికి రాస్తున్నారు.

"మరి పికప్ పెరిగినట్టు తెలుస్తాంది కదన్నా?"

తెలుస్తుంది. చెవికి. మోత పెరిగితే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. చిన్నప్పుడు సైకిల్ చక్రానికి అట్టముక్క కట్టుకుని మోటార్ సైకిల్ అనుకోలేదూ? అదే ఇది. అప్పుడు ఖర్చు లేదు, అంతే తేడా :)

వాణ్ణి మాటల్తో ఒప్పించడం నా వల్ల కాలేదు. అందుకని ట్యాంకు నిండా కొట్టించి, రోజూ వేసే లాంటి లోడే వేసి నంద్యాల పోయి వచ్చాం, మళ్ళీ అదే బంకులో నిండా కొట్టించాం. వాడికో మంచి అలవాటుంది, డీజిల్ లెక్క డైరీలో రాసుకుంటాడు. పాత సైలెన్సర్‌తో అదే రోడ్డు మీద వేసిన ట్రిప్పులు అందులో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనబడలేదు. ఒక్క ట్రిప్పుతో ఏదీ తేలదని నాకూ తెలుసు. కానీ లీటరుకి రెండు కిలోమీటర్లు పెరిగుంటే ఒక్క ట్రిప్పులో అయినా కనబడాలా వద్దా?

ఈ పిచ్చికి సగం కారణం వీడియోలు. డాలస్‌లో ఉన్న నా క్లాస్‌మేట్ ఒకడు పెద్ద పెద్ద పికప్ ట్రక్కుల వీడియోలు మా గ్రూపులో పెడతాడు. గొట్టం మార్చగానే బండి ఎగిరి దూకుతుంది, నల్లటి పొగ మేఘంలా లేస్తుంది, కింద అందరి చప్పట్లు. వాడు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ గొట్టంతో పాటు ఈసీయూలో ప్రోగ్రామ్ కూడా మారుస్తారు, డీజిల్ ఎక్కువ చిమ్మేలా. బలం వచ్చేది ప్రధానంగా ఆ డీజిల్ వల్ల, నల్ల పొగ అందులో పూర్తిగా కాలని భాగం. అదీ అక్కడ చట్టవిరుద్ధమే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో వేసిన అంచనా ప్రకారం అంతకుముందు పదేళ్ళలో 5,50,000కి పైగా డీజిల్ పికప్‌లలో పొగ నియంత్రణ పరికరాలు పీకేశారు. వాటినుంచి అదనంగా వచ్చే కాలుష్యం 90 లక్షల కొత్త పికప్‌లు రోడ్డెక్కినదానితో సమానమట. 2015లో ఫోక్స్‌వ్యాగన్ పట్టుబడిందీ డీజిల్ బండి సాఫ్ట్‌వేర్‌లో మోసం రాసినందుకే. మా వృత్తివాళ్ళే రాశారు ఆ కోడు, సిగ్గుగానే ఉంటుంది.

అక్కడివాడు సరదాకి చేసుకుంటున్నాడు. మనవాడు ఈఎంఐ కట్టే బండికి చేయించుకుంటున్నాడు, అదీ బలమిచ్చే సగం వదిలేసి, మోత ఇచ్చే సగం మాత్రం.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తా. "నీకేం, ఏసీలో కూర్చుని రాస్తావు. కష్టపడి బతికేవాడి బండి మీద పడ్డావా?" అని అడిగేవాళ్ళుంటారు. నేను అడిగేది కూడా ఆ కష్టపడేవాడి గురించే. మన ఎండల్లో ఏసీ లేని క్యాబిన్ అద్దాలు ఎత్తి నడిపేవాడెవడు? ఆ మోత రోజుకి పది గంటలు తాగేది వాడే. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలకి మించి ఉండొద్దని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగం చేసుకోమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ సలహా. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. మా తమ్ముడు ఇప్పటికే ఫోన్‌లో "ఆ? ఆ?" అంటున్నాడు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చి మొదటి గ్రూపులో పెట్టింది. పొగాకు ఉన్న గ్రూపే అది. కన్వర్టర్ పీకిన బండి వెనక మార్కెట్ యార్డులో మూటలు దించే హమాలీలు ఎవరి మనుషులు? ఏసీవాళ్ళా?

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఇలా మార్పించిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండి నడిపితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 దాకా, పైగా మూడు నెలలు లైసెన్స్ పోతుంది. మరి గొట్టం అమ్మి బిగించినవాడికి? అదే సవరణలో లక్ష రూపాయల జరిమానా ఉంది, కానీ అది వాహన తయారీదారుకి, దిగుమతిదారుకి, డీలర్‌కి. వెల్డింగ్ షాపు అందులో ఎక్కడ? 2024లో విశాఖలో పోలీసులు బుల్లెట్ బండ్ల సైలెన్సర్లు కుప్పపోసి రోలర్‌తో తొక్కించారు. ఫోటోలు బాగున్నాయి. అవి అమ్మిన షాపుల షట్టర్లు దించిన ఫోటో నాకైతే కనబడలేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ వ్యాన్‌లో కొలిచేది పొగ మాత్రమే, మోత కాదు. ఆ పొగ కొలత సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

చిల్లు పడ్డ సైలెన్సర్‌కి ఏం చేయాలి మరి? కంపెనీ ధర విని గుండె జారినవాణ్ణి నేను తప్పుపట్టను. కానీ తుప్పు పట్టిన డబ్బా ఒక్కటే కోసి, కన్వర్టర్ ముట్టకుండా, అలాంటిదే మూసిన డబ్బా వెల్డింగ్ చేయించుకోవచ్చు. అదే షాపు, అదే వెల్డర్. అది చేయమని మా వాడు మొదట అడిగాడట కూడా. "అదెందుకప్పా, దీంట్లో పికప్ వస్తాది" అని మాట మార్చింది షాపువాడు. పాత సామాను ఇచ్చేస్తే రేటు తగ్గిస్తానని కూడా అన్నాడట.

ఇక్కడ నాకు లైటు వెలిగింది. 2021 ప్రాంతంలో గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు వరసగా దొంగతనాలు జరిగాయి, గుర్తుందా? ఇనుము కోసం కాదు. కన్వర్టర్ లోపలి పూతలో ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాలుంటాయి, వాటికోసం. డీజిల్ బండి కన్వర్టర్‌లో కూడా ఉంటాయి. అక్కడ దొంగలు రాత్రిపూట కోసుకుపోయారు. ఇక్కడ మా తమ్ముడు పట్టపగలు తీసుకెళ్ళి ఇచ్చి, పైన డబ్బు కూడా కట్టి వచ్చాడు.

కనుమ మర్నాడు ఇద్దరం ఆ షాపుకి పోయాం. పాత కన్వర్టర్ ఇచ్చేయండి, మళ్ళీ బిగించుకుంటాం, మీ డబ్బు కూడా వెనక్కి అడగం అన్నాం. ఆయన టీ తాగుతూ "అదెప్పుడో స్క్రాపుకి పాయ కదప్పా" అన్నాడు. ఎంతకి పోయింది అని అడిగితే మాత్రం గ్లాసు కింద పెట్టి లోపలికెళ్ళిపోయాడు.