ఇంటర్వెల్‌లో చెప్పని సంగతి

మొన్న మంచిర్యాలలో మ్యాట్నీకి వెళ్తూ తలనొప్పి మాత్ర కోసం మెడికల్ షాపు దగ్గర ఆగాను. నా ముందు ఇద్దరు కుర్రాళ్లు. కావలసింది అడగలేక దగ్గు మందు ధర అడిగారు, బామ్ ధర అడిగారు. చివరికి ఒకడు గొంతు తగ్గించి, “అన్నా, రబ్బరుది కాకుంట వేరే నిరోధ్ అచ్చిందట గదా. గది అస్సలే చినగదట, నిజమేనా?” అన్నాడు. షాపాయన నవ్వి ఖరీదైన డబ్బా ముందు పెట్టాడే గాని జవాబు చెప్పలేదు.

ఆ జవాబు నేను చెప్తాను. సెన్సారు వారు మన్నించాలి!

1968లో ‘నిరోధ్’ వచ్చినప్పుడు మూడింటికి 15 పైసలు. టీ పొడి, సబ్బులు అమ్మే కంపెనీలే దాన్నీ ఊరూరా అమ్మిపెట్టాయి. 1969 నుంచి తిరువనంతపురంలో హిందుస్థాన్ లేటెక్స్ వారు రబ్బరు పాలతో ఇక్కడే తయారు చేశారు. కుర్రాడడిగిన ‘వేరేది’ తర్వాతి మాట. అందులో పాలియురెథేన్ ఒక రకం. పల్చన, వాసన ఉండదు, నూనె తగిలినా చెడదు. కానీ రబ్బరంత సాగదు. పరీక్షల్లో రబ్బరు కన్నా ఎక్కువసార్లు చినిగిందిదే సుమా! 2008 ప్రాంతంలో వచ్చిన పాలీఐసోప్రీన్ ఫ్యాక్టరీలో చేసిన రబ్బరు. మెత్తన, బాగా సాగుతుంది. రబ్బరు పాలు పడక దురద, దద్దుర్లు వచ్చేవారికి వరమే. హాయి సంగతంటారా, ఎవరి మాట వారిది. ఏమీ పడకపోవడమంటూ లేనివారికి పాత రబ్బరే చవక, గట్టి.

మరి చినుగుళ్లెందుకు? కరీంనగర్‌లో డాక్టరు మిత్రుణ్ణి అడిగితే, “ఆర్నెల్లు పర్సుల పెట్టుకోని తిరిగి, మీదికెల్లి కొబ్బరినూనె రాస్తే ఏ రబ్బరు ఆగుతది భై?” అన్నాడు. నూనె, వ్యాజిలిన్ రబ్బరును నిమిషాల్లో బలహీనం చేస్తాయి. పాలీఐసోప్రీన్‌కూ అదే గతి. రామగుండం ఎండ సంగతి వేరే చెప్పాలా? సరిగ్గా వాడితే ఏడాదిలో నూరు జంటల్లో ఇద్దరికే గర్భం. జనం వాడే తీరున వాడితే 13 మందికి. మధ్యలో ఆ 11 మంది ఆడపిల్లల బాధ ఏ సినిమాలోనూ చూపరు.

చినిగిందే అనుకోండి, 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, అత్యవసర మాత్ర ఉంది. హెచ్.ఐ.వి. అనుమానముంటే అదే గడువులో ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తాలి.

ఇదంతా ఆ కుర్రాళ్లకు చెబుదామనే బయటికొచ్చాను. అప్పటికే డబ్బాను బైకు సీటు కింద పెట్టి తాళం వేసి, బండిని నడి ఎండలో వదిలి, టికెట్ల లైన్లో దూరిపోయారు.