పంచుకునే ఫ్రీక్వెన్సీలకు వంతులెవరు పెడతారు?

2025 అక్టోబరు 8న గోదావరి డెల్టాలోని రాయవరం బాణసంచా కేంద్రంలో పేలుడు జరిగింది. మంటల్లో ఆరుగురు పోయారు, ఆ తర్వాత ఆసుపత్రిలో మరికొందరు. మూడు వారాలు తిరగకుండానే, 28వ తేదీ రాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఒకే నెలలో ఒకే ప్రాంతానికి రెండు ఆపదలు. ఏ ఆపదలోనైనా మొదటి గంటల్లో కావలసింది ఒకటే: ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో, ఎక్కడికి ఏం పంపాలో ఒకరికొకరు చెప్పుకోగలగడం. ఫోను మోగినంతసేపూ దాని గురించి ఎవరూ ఆలోచించరు.

మోగని రోజులూ మనకు కొత్త కాదు. 1996 నవంబరు 6 సాయంత్రం కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరిచెట్లతోపాటే కరెంటు స్తంభాలు, టెలిఫోను తీగలు నేల కరిచాయి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో నిలబడ్డ సెల్ టవర్లు సైతం కరెంటు లేక మూగపోయాయి. అలాంటప్పుడు లైసెన్సుతో సరదాగా అమెచ్యూర్ రేడియో నడిపే హామ్‌లకు ఒక కారు బ్యాటరీ, రెండు చెట్ల మధ్య లాగి కట్టిన తీగ చాలు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేసరికి భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. హైదరాబాదు జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున, అండమాన్ నుంచి ప్రపంచంతో మాట్లాడాలన్న సరదాతో వెళ్లినవాళ్లు వారు. ఆ సరదా రేడియోలే దీవుల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేశాయి.

ఇంత పనికొచ్చేవాళ్లకు ఇచ్చిన చోటు మాత్రం ఇరుకే. మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ దాకా హామ్‌లకు ప్రధాన హక్కు ఉంది. 434 నుంచి 438 దాకా ఉన్నది షరతుల హక్కు. అక్కడ ఇతరులకు అడ్డు రాకూడదు, తమకు అడ్డొస్తే ఫిర్యాదు చేయకూడదు. కాలువ శివారు రైతు పరిస్థితే ఇది; ఎగువవాడు తడుపుకున్నాక మిగిలిందే మనది. అయితే కాలువకు వంతుల పట్టిక ఉంటుంది, అది అందరికీ తెలుసు. ఫ్రీక్వెన్సీల దగ్గర పట్టిక ఉన్నా తెలిసినవాళ్లు తక్కువ.

అమెరికాలో ఈ పంపకం మీద తగువు ముదిరింది. గోడ మీంచి లోపలికి విసిరితే చక్రాల మీద తిరుగుతూ వీడియో పంపే చిన్న రోబోను రీకన్‌రోబోటిక్స్ అనే కంపెనీ పోలీసుల కోసం తయారు చేసింది. అది పనిచేసేది 430–448 మెగాహెర్ట్జ్ మధ్య, అంటే అక్కడి హామ్‌లు వాడే బ్యాండులో. హామ్‌ల సంఘం వద్దన్నా 2010లో అక్కడి నియంత్రణ సంస్థ మినహాయింపు ఇచ్చింది. అడ్డంకి వస్తే రోబోయే భరించాలన్నది షరతు. ఆ సంఘం అభ్యంతరాన్ని కొందరు స్వార్థమన్నారు. నాకు అలా తోచదు. బందీలున్న ఇంట్లోకి రోబోను పంపిన వేళ, పక్క వీధి హామ్ తన హక్కు ప్రకారమే మీట నొక్కితే పోలీసుల తెర మీద బొమ్మ పోవచ్చు. లోపల ఏం జరుగుతోందో అతనికి తెలిసే దారే లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే పరికరాన్ని అడ్డంకిని భరించాల్సిన చోట పెట్టడమే అసలు తప్పు. అలాగని బ్యాండంతా తమ సొంతమన్నట్టు మాట్లాడే హామ్‌లతోనూ ఏకీభవించలేం. 2007లో మాసాచుసెట్స్, కాలిఫోర్నియాల్లో సైనిక రాడార్లకు ఇబ్బంది కలగకుండా హామ్‌లు తమ రిపీటర్ల (మాటను అందుకుని దూరానికి తిరిగి ప్రసారం చేసే సెట్ల) శక్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. షరతుల హక్కు అంటే అదే మరి.

మన దగ్గర చిక్కు చట్టంలో కంటే చేతిలోని పెట్టెలో ఎక్కువ. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే హ్యాండ్‌సెట్లలో చాలావాటికి 136 నుంచి 174 దాకా, 400 పైన కూడా ప్రసారం చేసే వీలుంది. దాని చిన్న తెర మీద 145 కొడితే హామ్ బ్యాండు. 156.8 కొడితే సముద్రంలో ఆపద పిలుపుల ఛానెల్, ఒడలరేవు పడవవాడు గొంతెత్తి సాయం అడిగే చోటు. మీటకు ఆ తేడా తెలియదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి జనసందోహంలో లైసెన్సు లేని వాకీటాకీలు నాలుగు గుంపుల చేతుల్లో ఉంటే ఎవరి మాట ఎవరి మీద పడుతుందో చెప్పలేం. లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలకు 446.0–446.2 మధ్య చోటు కేటాయించారు. కొనేవారిలో అది చూసేవాళ్లెందరు? 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాకీటాకీల అమ్మకాలపై 13 ఈ-కామర్స్ వేదికలకు నోటీసులిచ్చింది. మంచిదే. కానీ ఇప్పటికే అమ్ముడైనవాటి సంగతి నోటీసుతో తేలదు.

ఇంకో ప్రమాదం చవకదనంలో ఉంది. కారు తాళాలు, గేటు రిమోట్లు ఎక్కువగా 433.92 మీద నడుస్తాయి. హామ్‌ల హద్దు అక్కడికి 80 కిలోహెర్ట్జ్ దూరమే. వరద సైరన్లనూ, నీటిమట్టం సెన్సర్లనూ అదే చవక మాడ్యూళ్లతో పెడదామనే టెండర్లు రేపు వస్తే అధికారులు ఒప్పుకోకూడదు. ఆపద హెచ్చరిక గేటు రిమోట్‌తో పోటీ పడాల్సిన పని లేదు.

1978 నాటి అమెచ్యూర్ నిబంధనల్లో చాలామంది చూడని వెసులుబాటు ఒకటుంది. భూకంపం, వరద, తుపాను, పెద్ద అగ్నిప్రమాదం వల్ల మామూలు సమాచార వ్యవస్థ దెబ్బతింటే, జిల్లా కలెక్టరుగానీ ఆయన అధికారమిచ్చిన అధికారిగానీ పంపే సందేశాలను హామ్‌లు చేరవేయవచ్చు. మామూలు రోజుల్లో ఇతరుల సందేశాలు మోయడం నిషిద్ధం. అంటే ఆపద రోజున హామ్ బ్యాండు ప్రజల భద్రతకు పనికొచ్చే అదనపు దారి అవుతుంది, తాళంచెవి మాత్రం కలెక్టరు దగ్గరుంటుంది. కరెంటు పోయాక ఆ చెవి కోసం వెతికితే దొరకదు. లైసెన్సున్న హామ్‌ల జాబితా ముందే కలెక్టరేట్ కంట్రోల్ రూములో ఉండాలి. పోలీసు వైర్‌లెస్ సిబ్బందీ హామ్‌లూ ఏడాదికోసారైనా ఒక బల్ల దగ్గర కూర్చుని ఎవరి ఛానెల్ ఏదో రాసుకోవాలి.

కోనసీమ అంతా చదును, పైగా కొబ్బరితోటలు. చేతి సెట్టు మాట కొద్ది కిలోమీటర్లకే ఆగిపోతుంది. తుపాన్ల కాలం రాకముందే, వేసవిలో ఒక ఆదివారం, సెల్‌ఫోన్లు ముట్టకుండా రాయవరం నుంచి అంతర్వేది దాకా ఒక సందేశాన్ని రేడియోల మీదే పంపి చూడాలి. అది ఎక్కడ తెగిపోతే, ఆ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు మీద హామ్ రిపీటర్ పెట్టాలి.